పంపులో తోలు వాషర్

చిన్నీ, నానీ,

మీ ఉత్తరం చేరింది. బండి సంగతంతా నాని రాసినా, చివర్లో పెన్సిల్‌తో ఇరికించిన ప్రశ్న చిన్నిదేనని చేతిరాత చూసి కనిపెట్టాను. "తాతయ్యా, నాన్న పాత బండికి కిక్ కొడితే కాలు ఊరికే కిందికి పోతోంది. కంప్రెషన్ పోయింది, ఇంజిన్ విప్పాలి అంటున్నారు. పోయింది అంటే ఎక్కడికి పోయింది?"

ఇన్నేళ్లు స్పానర్లు పట్టుకు తిరిగినా నన్నెవరూ ఇంత సూటిగా అడగలేదు. నిజమే, అది ఎక్కడికో పోతోంది. ఏ దారిన పోతోందో తెలిశాకే ఇంజిన్ విప్పాలి.

సైకిల్ పంపు ఉంటే తెచ్చుకోండి. గొట్టం చివర బొటనవేలితో గట్టిగా మూసి పిడి కిందికి నొక్కండి. కొంత దూరం తేలిగ్గా దిగి, తర్వాత మొండికేస్తుంది. చెయ్యి వదిలితే పిడి దానంతటదే పైకి లేస్తుంది. లోపల ఇరుక్కున్న గాలి చేసే పని అది. కిక్ కొట్టినప్పుడు నాన్న కాలికి తగలాల్సిన బరువూ అదే. ఇంజిన్‌లో పిస్టన్ పైకి వస్తూ, గాలినీ పెట్రోలు ఆవిరినీ కలిపి ఎనిమిదో వంతో తొమ్మిదో వంతో చోటులోకి కుక్కేస్తుంది. సరిగ్గా అప్పుడే ప్లగ్ నిప్పురవ్వ వేస్తుంది. ఈ కుక్కడాన్నే కంప్రెషన్ అంటారు. ఎంత గట్టిగా కుక్కితే అంత గట్టిగా తన్నుతుంది.

మా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పంపు ఉండేది. దాని లోపల కడ్డీ చివర చిన్న గిన్నెలా వంచిన తోలు వాషర్ ఉంటుంది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒకరోజు ఎంత కొట్టినా టైరులోకి గాలి ఎక్కలేదు. పిడి మాత్రం హాయిగా పైకీ కిందికీ ఆడుతోంది. పంపు చచ్చిపోయిందని ప్రకటించాను. మా నాన్న ఏమీ అనకుండా పైమూత విప్పి, కడ్డీ లాగి, ఎండి ముడుచుకుపోయిన ఆ తోలు మీద నాలుగు చుక్కల నూనె వేసి వేలితో రాశాడు. మళ్లీ బిగించి "ఇప్పుడు కొట్టు" అన్నాడు. నా బొటనవేలిని గాలి తోసేసింది! ఆ సంతోషంలో నిద్రపోతున్న మా అన్నయ్య ముఖం మీదికి గాలి కొట్టాను. తర్వాత జరిగింది మీకు అనవసరం.

మెకానిక్‌లు ఇంజిన్‌కి చేసే పరీక్ష అచ్చం ఇదేనర్రా. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు ఆ తోలు వాషర్ లాంటివి. బోరు, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ గొట్టం, పంపు ఒళ్లు లాంటిది. రింగులు అరిగినా బోరు అరిగినా గాలి పక్కనుంచి కిందికి జారిపోతుంది.

దానికంటే ముందు ట్యాపెట్లు, అంటే గాలి వచ్చిపోయే తలుపుల్లాంటి వాల్వులను నొక్కే ముక్కలు, చూడమనండి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. నా మొదటి బండికి ఇలాగే కంప్రెషన్ పోయిందని, ఇరవై నాలుగేళ్ల పొగరుతో ఇంజిన్ మొత్తం విప్పేశాను. కొత్త రింగులు వేశాను. వారం రోజులు పట్టింది. బిగించాక కిక్ కొడితే కాలు మళ్లీ ఊరికే జారింది. చివరికి చూస్తే ట్యాపెట్ టైట్‌గా ఉంది. అంతే. వాల్వుకీ దాన్ని నొక్కే ముక్కకీ మధ్య సన్నని సందు ఉండాలి. చాలా చిన్న బండ్లకు అది 0.05 నుంచి 0.10 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు మీ తలవెంట్రుక మందం. వాల్వు సీటు అరిగేకొద్దీ ఆ సందు తగ్గిపోతుంది. పూర్తిగా పోతే వాల్వు మూసుకోదు. తలుపు సందులో చెప్పు ఇరుక్కుంటే గడియ ఎలా పడుతుంది? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆ సందు సరిచేయడం పావుగంట పని. పావుగంట పని వదిలేసి వారం పని చేసినవాడికి తెలివి కంటే కండలే ఎక్కువని నా గురించి నేనే ఒప్పుకుంటున్నాను.

ఆ తర్వాత గాలి ఒత్తిడి కొలిచే గేజ్. నాన్ననో మెకానిక్‌నో పక్కన పెట్టుకునే చేయండి, ఒక్కళ్లే వద్దు. బండి స్టార్ట్ అయితే కాసేపు తిప్పి వేడి చేయాలి. కాకపోతే చల్లగానే చూడాలి, ఏం చేస్తాం. స్విచ్ ఆపి, ప్లగ్ తీసి, ఆ రంధ్రంలో గేజ్ బిగించాలి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు. అది తిప్పకుండా కొలవడమంటే ముక్కు మూసి గుండెల నిండా ఊపిరి పీల్చమన్నట్టు. ముల్లు ఇక పెరగడం లేదనేదాకా కిక్ కొట్టాలి, ఏడెనిమిది సార్లు. పాత నాలుగు స్ట్రోకుల బండి 120 పీఎస్‌ఐ (టైరు గాలి కొలిచే లెక్కే) దాటితే మామూలుగా బాగున్నట్టే. 100 లోపు ఆగితే అనుమానించాలి. అసలు లెక్క మాత్రం ఆ బండి మాన్యువల్‌లో చూడండి. కిక్ తేలిగ్గా ఉండటానికి కొన్ని బండ్లలో కావాలనే కొంత గాలి వదిలే ఏర్పాటు ఉంటుంది. వాటిలో ముల్లు తక్కువే చూపిస్తుంది.

సరే, 60 చూపించిందనుకుందాం. ఇప్పుడు మా నాన్న చేసిన పనే. ప్లగ్ రంధ్రంలోంచి ఒక చిన్న చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి, రెండుసార్లు మెల్లగా తిప్పి, మళ్లీ కొలవండి. రంధ్రం ఎదురుగా ముఖం పెట్టకండి, నూనె చిమ్ముతుంది. ముల్లు బాగా ఎగబాకిందా? అయితే నూనె రింగుల పక్క సందులు పూడ్చిందన్నమాట. తప్పు రింగులదో బోరుదో. ముల్లు కదల్లేదా? అయితే గాలి పైనుంచి పోతోంది, వాల్వుల దగ్గరో హెడ్ గ్యాస్కెట్ దగ్గరో. హెడ్ అంటే సిలిండర్ పైమూత, గ్యాస్కెట్ అంటే ఆ అతుకులో గాలి పోకుండా పెట్టే పలక. ఎక్కువ పోస్తే మంచిది కదా అని నాని అంటాడు, నాకు తెలుసు. వద్దురా. నూనె కూడా చోటు ఆక్రమిస్తుంది. గాలికి చోటు తగ్గి ముల్లు అబద్ధం చెబుతుంది. సిలిండర్ అడ్డంగా పడుకుని ఉండే ఇంజిన్‌లో నూనె ఒక పక్కకే చేరుతుంది కాబట్టి అక్కడ ఈ పరీక్షని అంతగా నమ్మలేం.

ఇంతవరకూ పంపు మనతో వచ్చింది. ఇక్కడ కొంచెం కుంటుతుంది. తోలు వాషర్ చుట్టూ ఎక్కడా తెగి ఉండదు. రింగుకి మాత్రం ఒకచోట కోత ఉంటుంది, వేడికి సాగడానికి. అందుకే మంచి ఇంజిన్‌లో కూడా కాస్త గాలి కిందికి పోతూనే ఉంటుంది. పైగా పంపులో నిప్పు ఉండదు, మసి ఉండదు. చాలాకాలం కదలకుండా పెట్టిన బండిలో రింగులు మసితో అతుక్కుపోతాయి. వాల్వు సీటు మీద తుప్పు నలుసు చేరుతుంది. అలాంటి బండ్లు స్టార్ట్ అయి నాలుగు రోజులు తిరిగితే ఒక్కోసారి ఏమీ విప్పకుండానే కోలుకుంటాయి. మీ బండి ఎన్నాళ్లుగా ఆగి ఉందో ఉత్తరంలో రాయలేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైన పరీక్ష చెవితో చేసేది. పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న చోట ఆపి, బండిని గేరులో పెట్టి, పెద్దవాళ్లు వెనక బ్రేకు గట్టిగా తొక్కి ఉంచాలి. లేకపోతే గాలికి పిస్టన్ కిందికి పోతుంది. ప్లగ్ రంధ్రంలోంచి కొద్దిగా గాలి ఎక్కిస్తే ఇంజిన్ "స్‌స్‌స్" మంటుంది. కార్బొరేటర్‌లో వినిపిస్తే లోపలికి పీల్చే వాల్వు. సైలెన్సర్‌లో వినిపిస్తే పొగ వదిలే వాల్వు. ఆయిల్ పోసే మూత తీసిన చోట జోరుగా వస్తే రింగులు. హెడ్ అతుకు మీద సబ్బునీళ్లు రాస్తే బుడగలు వచ్చాయా, గ్యాస్కెట్.

పంపుతో గబగబా గాలి కొట్టాక దాని అడుగు భాగం ముట్టుకుని చూడండి. వెచ్చగా ఉంటుంది. ఎవరూ పొయ్యి మీద పెట్టలేదు కదా, మరి ఎందుకు? ఈసారికి చెప్పను. ముందు ముట్టుకోండి. ఇంకో మాట. ఇలాంటి ఇంజిన్ రెండు చుట్లకోసారి గాలిని కుక్కుతుంది కాబట్టి, నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంటే సెకనుకి 33 సార్లు కుక్కుతుంది. నేను మీ వయసులో పది సార్లు పంపు కొట్టి ఆయాసపడి కూర్చునేవాణ్ణి.

ఆదివారం మెకానిక్ వస్తాడన్నారుగా. విప్పేముందు నూనె లేకుండా ఎంత, నూనె పోశాక ఎంత అని రెండు అంకెలూ కాగితం మీద రాయించుకోండి. గాలి పరీక్ష సైలెన్సర్ చల్లారాక పెట్టించండి. సైలెన్సర్ దగ్గర చిన్ని, కార్బొరేటర్ దగ్గర నాని. ఎవరికి వినిపించిందో వెంటనే నాకు రాయండి.

మీ తాతయ్య