ఈసీజీ నార్మల్ వస్తే గుండెకు ఢోకా లేనట్టేనా? మహిళల హార్ట్ క్యాంపులు: అపోహలు - వాస్తవాలు

మార్చి 8 దగ్గర పడినా, సెప్టెంబర్ 29 ప్రపంచ హృదయ దినోత్సవం వస్తున్నా నాకు ఫోన్లు మొదలవుతాయి. కంపెనీల హెచ్ఆర్ వాళ్లు, మహిళా సంఘాల లీడర్లు, అపార్ట్‌మెంట్ అసోసియేషన్లు, అందరిదీ ఒకటే మాట: "మేడమ్, మా ఆడవాళ్లకు గుండె క్యాంపు పెట్టాలి, ఈసీజీ మెషిన్ తెస్తారు కదా?" తేనంటే మొహం చిన్నబుచ్చుకుంటారు. నర్సుగా నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే కాబట్టి ముందు దీని సంగతే చెబుతాను.

అపోహ: ఈసీజీ నార్మల్ వస్తే గుండె బాగున్నట్టే.

కాదు. మంచమ్మీద పడుకున్న ఆ కొన్ని సెకన్లలో గుండెలో కరెంటు ఎలా నడుస్తోందో మాత్రమే ఈసీజీ చెబుతుంది. రక్తనాళంలో పూడిక ఉన్నా, మనిషి విశ్రాంతిగా ఉన్నప్పుడు గీత శుభ్రంగానే రావచ్చు. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో కూడా ఒక్కోసారి నార్మల్ వస్తుంది. అందుకే ఆసుపత్రిలో మళ్లీ మళ్లీ తీస్తారు, గుండె కండరం దెబ్బతిందేమో చెప్పే ట్రోపోనిన్ రక్తపరీక్ష కూడా కొన్ని గంటలాగి రెండోసారి చేస్తారు. ఏ ఇబ్బందీ లేనివాళ్లను వరసలో నిలబెట్టి ఈసీజీలు తీస్తే దొరికే జబ్బు తక్కువ, వచ్చే తప్పుడు ధైర్యం ఎక్కువ.

ఆ ధైర్యం ఏం చేస్తుందో నిజామాబాద్ వైపు చూశాను. ఆమె బీడీ కార్మికురాలు, యాభై దాటాయి. తెల్లారేసరికి దవడ లాగుతోంది, వీపులో బరువు, చెమటలు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అన్నారు, సోడా తాగించారు. కొడుక్కి అనుమానం వచ్చి ఆసుపత్రికి పోదామంటే ఆమే బీరువాలోంచి ప్లాస్టిక్ కవర్ తీయించింది. రేషన్ కార్డు, ఆధార్ జిరాక్సుల మధ్య మడతపెట్టిన ఈసీజీ కాగితం. "మొన్ననే క్యాంపుల నార్మలని రాసిచ్చిన్రు గదా" అంది. మధ్యాహ్నం దాకా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. వెయ్యికింత అని కూలీ, ఆ రోజు అప్పజెప్పాల్సినవి ఇంకా మిగిలి ఉన్నాయి. బతికింది గానీ గుండె పంపింగ్ బాగా తగ్గిపోయింది. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం.

ఆడవాళ్లకు గుండెపోటులో ఛాతీ నొప్పే రాదన్నది ఇంకో పుకారు. వాళ్లలోనూ ఎక్కువగా కనిపించేది అదే. కాకపోతే దవడ, వీపు, ఆయాసం, వికారం, ఎన్నడూ లేని నీరసం కూడా తోడవుతాయి, కొందరిలో అవే ముందుంటాయి. అప్పుడు పాత రిపోర్టు వెతక్కండి, 108కి ఫోన్ చేయండి. తీరా వెళ్లాక గ్యాసే అని తేలితే ఏం పరువు పోదు. నవ్వుతారేమోనని ఆగినవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి క్యాంపులో ఏం చేయాలంటే, బీపీ చూడాలి. సరిగ్గా చూడాలి. వీపు ఆనే కుర్చీ వేసి, కాళ్లు నేలకు ఆనించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాలి. అంతకు ముందు అరగంట టీ, పొగాకు ఉండకూడదు. బిగుతు జాకెట్ చెయ్యిని పైకి నెట్టేసి దాని కింద పట్టీ కడతారు, అది తప్పు. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ కనిపిస్తుంది. రెండుసార్లు చూసి, 140/90 గానీ ఆపైన గానీ ఉంటే ఇంకో రోజు మళ్లీ చూడాలి. షుగర్ చూడాలి, నడుము కొలత 80 సెంటీమీటర్లు దాటిందేమో చూడాలి.

తర్వాత ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "అక్కా, కాన్పులప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా? గుర్రపువాతం, అంటే బీపీ పెరిగి ఫిట్స్, వచ్చిందా?" గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి గుర్రపువాతం దాకా వెళ్లినవాళ్లకు తర్వాత గుండె జబ్బు ముప్పు దాదాపు రెండింతలు. మా చెల్లెలికీ అలాగే వచ్చింది. బిడ్డ పుట్టాక తగ్గిపోయిందిగా అని మళ్లీ చూపించుకోలేదు. నేను వెంటపడితే గానీ కదల్లేదు.

మిగతావి గబగబా.

"బీపీ మాత్ర మొదలుపెడితే అలవాటైపోతుంది." ఈ టెన్షన్ నాకర్థమవుతుంది. కానీ మాత్ర ఆపగానే బీపీ పెరిగిందంటే జబ్బు ఇంకా ఉందనే అర్థం. ఆమ్లోడిపిన్ లాంటివి పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు, 30 దాటినవాళ్లకు బీపీ, షుగర్ కూడా చూస్తారు.

"నెలసరి ఆగేదాకా ఆడవాళ్లకు గుండెపోటు రాదు." షుగరో పొగాకో ఉంటే ఆ నమ్మకం పెట్టుకోవద్దు. పొగాకు మగవాళ్ల అలవాటు అనేవాళ్లు ఉత్తరాంధ్రలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని, తాగే అవ్వలను చూసిరండి.

"గుండెపోటొస్తే గట్టిగా దగ్గాలి", "అల్లం వెల్లుల్లి నిమ్మరసం బ్లాకులు కరిగిస్తుంది." దయచేసి నాకు ఫార్వర్డ్ చేయకండి.

"ఒక్కరోజు క్యాంపు చాలు." ఎర్రచీరలు కట్టుకోండి, జుంబా చేయండి, ఫోటోలు దిగండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ బీపీ ఎక్కువున్నవాళ్లను నెల తర్వాత ఎవరు పిలిచి చూస్తారో ముందే తేల్చుకోండి. ఊళ్లో అయితే ఏ ఆశా కార్యకర్తో పేరుతో సహా రాసుకోండి. బీడీ కార్మికులకు పనివేళ పెడితే ఆ పూట కూలీ పోతుంది, బీడీలు అప్పజెప్పడానికి వచ్చినప్పుడు పెట్టండి. ఇక ఆఫీసుల్లో, ఒకచోట ఫలితాలన్నీ ఎక్సెల్ షీట్‌లో పెట్టి మేనేజర్‌కి పంపేశారు. తర్వాతి క్యాంపుకి పెళ్లికాని అమ్మాయిలు ఒక్కరూ రాలేదు. చీటీ ఎవరిది వాళ్ల చేతికే ఇవ్వండి, హెచ్ఆర్‌కి మొత్తం ఎంతమంది అన్న లెక్క చాలు.