నలభై శాతానికి అందని జబ్బులు

వికలాంగులకు సౌకర్యాలు అనగానే మన హైదరాబాద్ కాలేజీలకు ర్యాంపు, లిఫ్టు గుర్తొస్తాయి. రుమటాయిడ్ కీళ్లవాతం ఉన్న లెక్చరర్‌కు కావలసింది అవి కాకపోవచ్చు, టైమ్‌టేబుల్లో మొదటి పీరియడ్ లేకపోతే చాలు. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోతాయి, సుద్దముక్క నిలవదు. అవే వేళ్లు మధ్యాహ్నానికి బోర్డంతా నింపేస్తాయి. దాంతో స్టాఫ్‌రూమ్‌లో అనుమానం: "నిన్న బాగానే ఉన్నారుగా మేడమ్!"

ఈ చిక్కు పాతదే. 1995 వికలాంగుల చట్టం గుర్తించినవి ఏడే వైకల్యాలు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదన్న 47వ సెక్షన్ ఒక్కటీ పెద్ద మేలు. 2007లో వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికకు భారత్ ఆమోదం తెలిపాక వచ్చిన 2016 చట్టం జాబితాను 21కి పెంచింది. తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ అలా చేరాయి. ఒంటి రక్షణ వ్యవస్థే ఒంటి మీద దాడి చేసే లూపస్, పేగులు వాచే క్రోన్స్, వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకునే కిడ్నీ జబ్బు చేరలేదు. జాబితాలో పేరున్న జబ్బువాళ్లకైనా రిజర్వేషన్ కావాలంటే 40 శాతం సర్టిఫికెట్ ఉండాలి. జబ్బేమో ఒక నెల మంచాన పడేస్తుంది, మరో నెల మామూలుగా తిరగనిస్తుంది. ఆ సర్టిఫికెట్ మీది అంకె కదలదు.

ఈలోగా యూనివర్సిటీల లెక్కలు బిగిశాయి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2010 నిబంధనల ప్రకారం వారానికి 40 గంటల పని, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అందులో 16 గంటల బోధన, ప్రమోషన్‌కు 2018 దాకా బోధన, పరిశోధనలకు మార్కులేసే ఏపీఐ పాయింట్లు. 2016 పీహెచ్‌డీ నిబంధనలు మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి రెండేళ్లు అదనంగా ఇచ్చాయి. క్రోన్స్‌తో ఏడాది పోగొట్టుకున్న కుర్రాడికి అవి దక్కవు.

2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఈ ముడి కొంత విప్పింది. రాయబోతే చెయ్యి పట్టేసే అభ్యర్థి యూపీఎస్సీ పరీక్షకు తన బదులు రాసిపెట్టే మనిషిని (స్క్రైబ్) అడిగాడు. సహేతుక వెసులుబాటుకు, అంటే వైకల్యానికి తగ్గట్టు చేసే సర్దుబాటుకు, 40 శాతం షరతు పెట్టకూడదని కోర్టు తేల్చింది. నన్నడిగితే, కాలేజీల్లో ప్రిన్సిపాళ్లు చదవాల్సిన తీర్పు ఇదే.

అయితే 2016 చట్టంలోని 20వ సెక్షన్ ఉద్యోగులకు వెసులుబాటు ఇచ్చే బాధ్యతను ప్రభుత్వ సంస్థల మీదే పెట్టింది. నగరం చుట్టూ ఉన్న ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలకు 21వ సెక్షన్ కింద సమాన అవకాశాల విధానం ప్రకటించే పని మాత్రం ఉంది. గెస్ట్ ఫ్యాకల్టీ సంగతి మరీ అన్యాయం. జీతం గంటల లెక్కన. నెల్లాళ్లు పడుకుంటే డబ్బుల్లేవు, వచ్చే సెమిస్టర్‌కు పిలుస్తారన్న నమ్మకమూ లేదు. అలాంటప్పుడు జబ్బు సంగతి విభాగాధిపతికి ఎవరు చెప్పుకుంటారు?