పేరు లేని నోటి జీవుల కోసం ఓ పీహెచ్‌డీ

మనిషి నోట్లో కాపురముండే బ్యాక్టీరియా జాతుల లెక్క 700 దాటింది. అమెరికాలో బోస్టన్ పక్కనే ఉన్న ఫోర్సైత్ ఇన్‌స్టిట్యూట్ అనే దంత పరిశోధన సంస్థ వాళ్లు ఈ జాతుల చిట్టాను ఏళ్ల తరబడి నిర్వహిస్తున్నారు. అందులో దాదాపు పావు వంతు జాతులను ఇప్పటిదాకా ఎవరూ ల్యాబ్‌లో పెంచలేకపోయారు. వాటి డీఎన్‌ఏ దొరికింది కాబట్టి ఉన్నాయని తెలుసు, అంతే. ఏం తింటాయో, ఎవరితో కలిసి బతుకుతాయో, చిగుళ్లకు మేలు చేస్తాయో కీడు చేస్తాయో తెలియదు. 1683లో డెల్ఫ్ట్ నగరపు బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ తన పళ్ల మీది పాచి గీకి, తానే సానపట్టుకున్న కటకంతో చూసి, అందులో కదులుతున్న జీవుల గురించి లండన్‌లోని రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు. అంత పాత రంగంలో ఇంత పని మిగిలి ఉండటం విచిత్రమే. మైక్రోబయాలజీలో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లు నోటి వైపు ఒకసారి చూడాలని నేను అనేది అందుకే.

టీఎం7 అనే బ్యాక్టీరియా వర్గం సంగతి చూడండి. 1990ల్లో జర్మనీలోని ఒక చిత్తడి నేల మట్టిలో ఈ కొత్త వర్గం ఆనవాళ్లు డీఎన్‌ఏ రూపంలో దొరికాయి. తర్వాత అదే వర్గానికి చెందినవి మనుషుల నోళ్లలోనూ కనిపించాయి, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో మరీ ఎక్కువగా. పెంచుదామంటే మాత్రం పెరగవు. చివరికి 2015లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బృందం ఒక రకాన్ని పెంచగలిగింది. ఈ వర్గం జన్యు అక్షరాల్లో ఒకచోట ఉన్న తేడాను బట్టి, స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ దీన్ని ఏమీ చేయలేదేమోనన్న అనుమానం అప్పటికే ఉంది. దాన్నే పట్టుకుని, లాలాజలాన్ని ఆ మందు కలిపిన పోషక ద్రవంలో వేసి పెంచుతూ పోయారు. తట్టుకోలేని జాతులు రాలిపోయాయి, టీఎం7 వాటా పెరిగింది. అయినా అది ఒంటరిగా దొరకలేదు. మామిడి కొమ్మ మీద బదనిక బతికినట్టు, ఇది ఆక్టినోమైసిస్ ఒడాంటోలిటికస్ అనే మరో బ్యాక్టీరియాను అంటిపెట్టుకుని బతుకుతుంది. దాని అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు నాలుగు వేలో వంతు. జన్యువులు ఏడు వందల చిల్లర. ఒక్క అమైనో ఆమ్లాన్ని కూడా సొంతంగా తయారు చేసుకోలేదు, అన్నీ అరువే.

కథ అక్కడితో అయిపోలేదు. జబ్బు చిగుళ్లలో ఎక్కువగా కనిపిస్తోంది కాబట్టి జబ్బుకు ఇదే కారణమని చాలామంది అనుకున్నారు. తీరా ఎలుకల మీద ప్రయోగం చేస్తే, ఈ బదనికను మోస్తున్న బ్యాక్టీరియా చిగుళ్లకు తక్కువ హాని చేసింది. వాపు తగ్గింది, పంటి చుట్టూ ఎముక కరగడమూ తగ్గింది. ఉత్త డీఎన్‌ఏ లెక్కలతో తీర్పు చెప్పి ఉంటే అది తారుమారయ్యేది.

ఈ రంగంలో ఇప్పుడు వస్తున్న థీసిస్‌ల మీద నా ఫిర్యాదు కూడా ఇదే. కొంతమంది రోగుల ఉమ్మి, కొంతమంది ఆరోగ్యవంతుల ఉమ్మి తీసుకుని సీక్వెన్సింగ్‌కు, అంటే డీఎన్‌ఏ అక్షరాలు చదివించడానికి, పంపడం, ‘ఇది అక్కడ ఎక్కువ, అది ఇక్కడ తక్కువ’ అని రంగురంగుల గ్రాఫులు గీయడం. ఆ పట్టికలు పనికిరావని కాదు. కానీ వాటితోనే ఆగిపోతే పరిశోధన సగమే అయినట్టు. అసలు కష్టం ఆ జీవిని పట్టుకుని, పెంచి, ఏం చేస్తుందో చూడటంలో ఉంది.

ఆ కష్టం ఎలా ఉంటుందో కాస్త చెప్తాను. చిగుళ్ల జబ్బుకు పేరుమోసిన పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్‌కు ఆక్సిజన్ పడదు. నైట్రోజన్, హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ నింపిన గాజు పెట్టెలో, పెట్టెకు బిగించి ఉన్న రబ్బరు తొడుగుల్లోకి మోచేతుల దాకా చేతులు దూర్చి పని చేయాలి. తొడుగులు మందంగా ఉంటాయి, సన్నని పనులు మొదట్లో అస్సలు సాగవు. చిగురు సందులోకి సన్నటి కాగితపు పుల్ల పెట్టి తీసిన నమూనాను రక్తం కలిపిన అగార్ అనే జెల్లీ మీద పూస్తారు. దానికి కావాల్సిన హీమిన్, విటమిన్ కె అనే పోషకాలు కూడా కలపాలి. రెండు మూడు రోజులు ప్లేటు మీద చెప్పుకోదగ్గదేమీ కనిపించదు. వారం, పది రోజులకు చుక్కలు గోధుమ రంగులోంచి నల్లగా మారతాయి. రక్తంలోని హీమ్ అనే ఇనుము ఉన్న పదార్థాన్ని అది ఒంటి మీద పోగు చేసుకోవడం వల్ల వచ్చే నలుపు అది. ప్లేటు మూత తీస్తే వచ్చే కంపు గురించి చెప్పకపోవడమే మంచిది. మధ్యలో గ్యాస్ సిలిండర్ అయిపోతే ఎంత టెన్షనో ఈ పని చేసినవాళ్లను అడగండి.

మన ప్రాంతానికే చెందిన ప్రశ్న ఒకటుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు చుట్ట నిప్పును నోట్లోకి పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు. డెన్మార్క్‌కు చెందిన నోటి జబ్బుల నిపుణుడు పిండ్‌బోర్గ్ తన సహచరులతో కలిసి ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పుల గురించి 1971లో ప్రచురించాడు. అప్పట్లో చూసింది కంటికి కనిపించే మచ్చలు, పుండ్లు, కణజాలం. బ్యాక్టీరియా సంగతి వేరు. నాలుక మీది కొన్ని బ్యాక్టీరియా నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. తోటకూర, పాలకూర తిన్నప్పుడు ఇది మంచిదే, ఆ నైట్రైట్‌లోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ రక్తనాళాలను సడలించి బీపీ తగ్గడానికి సాయపడుతుంది. పొగాకులోనూ నైట్రేట్ ఉంటుంది. అక్కడ ఆ నైట్రైట్ పొగాకులోని నికోటిన్ లాంటి ఆల్కలాయిడ్లతో కలిస్తే క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు తయారవుతాయి. ఆ నిప్పు వేడికి అంగిలి మీద ఏ జాతులు మిగులుతాయి? నైట్రేట్‌ను మార్చే పని అక్కడ పెరుగుతుందా, తగ్గుతుందా? దీనికి జవాబు బోస్టన్‌లో కూర్చుంటే రాదు. శ్రీకాకుళం పల్లెల్లో ఆ అవ్వలను ఒప్పించగలిగినవాళ్లకే నమూనాలు దొరుకుతాయి. బీడీఎస్, ఎండీఎస్ అనే దంత వైద్య కోర్సులు చేసినవాళ్లకు ఇక్కడ సహజంగానే ఒక మెట్టు ఎక్కువ. నోరు చూడటం, నమూనా తీయడం వాళ్లకు చేతనవును. నేర్చుకోవాల్సింది కల్చర్, అంటే బ్యాక్టీరియాను పెంచే పని, కొంచెం కంప్యూటర్ పని.

ఇక డబ్బు సంగతి. మన దేశంలో సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్ష ద్వారా జేఆర్‌ఎఫ్ అనే పరిశోధక ఫెలోషిప్ వస్తే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. నెదర్లాండ్స్‌లో పీహెచ్‌డీ అంటే సాధారణంగా నాలుగేళ్ల జీతం ఉద్యోగమే. ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండు విశ్వవిద్యాలయాలు కలిసి నడిపే దంత వైద్య కళాశాల ఆక్టాలో నోటి సూక్ష్మజీవుల మీద గట్టి పని జరుగుతోంది. బ్రిటన్ ప్రకటనల్లో మాత్రం ఫీజు లైను జాగ్రత్తగా చదవాలి. చాలా చోట్ల నిధులు స్వదేశీ విద్యార్థి ఫీజు వరకే వస్తాయి, మిగతాది మన జేబులోంచి పోతుంది. అమెరికాలో ట్యూషన్ మాఫీ, స్టైపెండ్ మామూలే. నోటి పరిశోధనకు పెద్ద దాత ఎన్‌ఐడీసీఆర్ అనే ప్రభుత్వ సంస్థ. అయితే అది నేరుగా విద్యార్థులకిచ్చే ఫెలోషిప్పులు చాలావరకు అక్కడి పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకే. విదేశీ విద్యార్థికి స్టైపెండ్ వచ్చేది ఎక్కువగా విశ్వవిద్యాలయం నుంచో, గైడ్ గ్రాంటు నుంచో. అందుకే ఈమెయిల్ రాసేటప్పుడు మొహమాటపడకుండా ఆ గ్రాంటు ఎప్పటిదాకా ఉందో అడగండి. ల్యాబ్‌లో ఆక్సిజన్ లేని పెట్టె ఉందా, దాన్ని రోజూ వాడుతున్నారా అని కూడా.