పేరు మార్చుకున్న కంపెనీకి స్టార్ కావాలా? కొన్ని అపోహలు - వాస్తవాలు

కంపెనీ పేరో లోగోనో మార్చుకుందామని మా దగ్గరికి వచ్చే యజమానులు చాలామంది కుర్చీలో సర్దుకుని కూర్చోకముందే ఒక మాట అడుగుతారు: "హీరోని ఎవర్ని పెడదాం?" అప్పటికి కొత్త పేరే ఖాయమై ఉండదు. అదే పేరు ఇంకెవరైనా రిజిస్టర్ చేసుకున్నారేమో చూసి ఉండరు. హీరో మాత్రం కావాలి. వాళ్లనీ అనలేం. ఆశీల్‌మెట్ట నుంచి గాజువాక దాకా ఏ హోర్డింగ్ చూసినా నగలో చీరలో ప్లాట్లో చూపిస్తూ ఎవరో ఒక స్టార్ నవ్వుతూనే ఉంటారు. పక్క షాపువాడు పెట్టాక మనం పెట్టకపోతే చిన్నతనంగా ఉంటుంది కదా.

విశాఖలో చాలాకాలంగా ప్రకటనల ఏజెన్సీ నడుపుతున్నాను. ముందే చెప్పేస్తున్నాను, క్లయింటు బడ్జెట్ పెరిగేకొద్దీ మా కమిషన్ కూడా పెరుగుతుంది. కాబట్టి స్టార్ల గురించి మా బోటివాళ్లు చెప్పేది కాస్త వడగట్టి వినండి, నా మాటతో సహా.

అపోహ: కొత్త పేరు స్టార్ నోట చెప్పిస్తేనే జనం నమ్ముతారు

వాస్తవం: పేరు మారిన రోజున జనానికి వచ్చే అనుమానాలు చాలా చిన్నవి, లెక్కకు సంబంధించినవి. ఇక్కడే ఒక నగల దుకాణం పేరు మార్చినప్పుడు, కొత్త బోర్డు ఎక్కిన వారం మా కుర్రాళ్లను క్యాష్ కౌంటర్ పక్కన నిలబెట్టి ఎవరేం అడుగుతున్నారో రాయించాం. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ సంచిలోంచి గోల్డ్ స్కీం పుస్తకం తీసి, "పేరు మార్చీసారేటి బాబూ, షాపు అమ్మీసారా? మరి నాను కట్టిన వాయిదాలో?" అని అడిగింది. ఆవిడ వెనకున్నవాళ్లవీ అటూఇటుగా అవే ప్రశ్నలు. పాత బిల్లు తెస్తే మార్పిడికి తీసుకుంటారా? తరుగు ఇదివరకు తీసినట్టే తీస్తారా? ఓనర్లు పాతవాళ్లేనా? వీటిలో ఒక్కదానికీ హీరో దగ్గర జవాబు ఉండదు. కౌంటర్లో కూర్చున్న కుర్రాడి దగ్గర ఉండాలి. అతనికి ముందుగా ఎవరైనా చెప్పి ఉండాలి. ఆ దుకాణంలో మొదటి రెండు రోజులు చెప్పలేదు. "నాకు తెలీదమ్మా, మేనేజర్ గారిని అడగండి" అనే అన్నాడు.

యూటీఐ బ్యాంక్ 2007 జూలై 30న యాక్సిస్ బ్యాంక్ అయింది. బ్యాంకు పేరు మారిందంటే డిపాజిటర్ గుండెల్లో రాయి పడుతుంది. అలాంటప్పుడు వాళ్ల ప్రకటనల్లో కనిపించింది సినిమా హీరోలు కాదు, కవలలు. పేరు తప్ప ఏదీ మారలేదని చెప్పడానికి అంతకంటే సూటి దారి నాకు కనబడదు. అదే ఏడాది సెప్టెంబరులో మొబైల్ కంపెనీ హచ్ కాస్తా వొడాఫోన్ అయింది. అప్పుడూ జనానికి అలవాటైన పగ్ కుక్కపిల్లనే ఉంచి, దాని గులాబీ రంగు గూటిని ఎర్రగా మార్చారు. డబ్బు కుమ్మరించింది వేరేచోట. ఒక రోజంతా స్టార్ టీవీ ఛానళ్లలో ప్రకటనల సమయం మొత్తం తీసేసుకున్నారు. స్టార్‌ను కొనకుండా స్టార్ టీవీని కొన్నారన్నమాట.

మన దగ్గరి సంగతే చూడండి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో పెట్టిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. లాక్‌డౌన్ రోజులు. ఖాతాదారులకు పాస్‌బుక్, చెక్‌బుక్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఏమవుతాయన్నదే టెన్షన్. ఇప్పటికీ "ఆంధ్రా బ్యాంక్ ఎదురుగా" అని అడ్రసు చెప్పేవాళ్లున్నారు. మన బస్ స్టేషన్‌కు ద్వారకా అని పేరున్నా ఆటోవాళ్లకు అది కాంప్లెక్సే. పాత పేరు అంత తొందరగా పోదు, పోగొట్టుకోవాల్సిన పనీ లేదు. కంపెనీల చట్టం 2013లోని 12వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ పేరు మార్చుకున్న కంపెనీ రెండేళ్లపాటు బోర్డు మీద, లెటర్‌హెడ్ మీద పాత పేరు కూడా వేయాలి. క్లయింట్లు దీన్ని తలనొప్పి అనుకుంటారు. నేనైతే హోర్డింగ్ మీద కూడా వేయమంటాను. కొత్త పేరు కింద ఆ ఒక్క లైను చూస్తే చాలు, పెద్దావిడ సగం ప్రశ్నలు అడగదు.

అపోహ: స్టార్‌కిచ్చే ఫీజే అసలు ఖర్చు, మిగతావి చిల్లర

వాస్తవం: రీబ్రాండింగ్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, కాబట్టి అంకెలు వేసి చూద్దాం. కోటి రూపాయలు పక్కన పెట్టారనుకోండి. స్టార్‌కు 60 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 10.8 లక్షలు. నగలు, బట్టలు అమ్మేవాళ్లకు, అమ్మకాల మీద వాళ్లు కట్టాల్సిన జీఎస్టీలో అది తర్వాత తగ్గుతుంది, దీన్నే ఇన్‌పుట్ క్రెడిట్ అంటారు. ఆసుపత్రికో స్కూలుకో అవదు. వైద్యం మీద, చదువు మీద జీఎస్టీ లేదు కాబట్టి క్రెడిట్ కూడా రాదు, కట్టింది కట్టినట్టే పోతుంది. కార్పొరేట్ ఆసుపత్రులవాళ్లకు ఈ సంగతి వాళ్ల ఆడిటర్ చెప్పేసరికి అడ్వాన్స్ వెళ్లిపోయి ఉంటుంది.

తర్వాత షూటింగ్. హైదరాబాదులో ఫ్లోర్ అద్దె, సెట్టు, కెమెరా, దర్శకుడు, స్టార్‌తో వచ్చే మేకప్ మనిషి, హెయిర్ మనిషి, కాస్ట్యూమ్స్, క్యారవాన్, బాడీగార్డులు. దీనికి 15 లక్షలు వేసుకోండి. ఇక మిగిలింది 25 లక్షలు. జీఎస్టీ వెనక్కి రాకపోతే 14 లక్షల చిల్లర. టీవీ, పేపరు, హోర్డింగులు, బస్సుల వెనక ప్యానెళ్లు, యూట్యూబ్, అన్నీ ఇందులోంచే. పట్టుచీరకే డబ్బంతా పెట్టేసి శుభలేఖలు అచ్చు వేయించని పెళ్లిలా ఉంటుంది వ్యవహారం. ఫిల్మ్ బ్రహ్మాండంగా వస్తుంది, చూసేది యజమాని బంధువుల వాట్సాప్ గ్రూపు. ఫీజు మొత్తం బడ్జెట్‌లో మూడో వంతు దాటితే నేను వద్దనే చెబుతాను. విన్నవాళ్లు తక్కువ.

ఆ కోటి వెనక్కి రావాలంటే? అమ్మకంలో నూటికి పది మిగిలే వ్యాపారమైతే, మామూలుగా జరిగేదానికి పైన ఇంకో 10 కోట్ల అమ్మకం జరగాలి. ఐదే మిగిలితే 20 కోట్లు. స్టార్‌తో ఒప్పందం చూస్తే సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో ఉంటుంది.

ఇందులో ఇంకా బోర్డులు, బిల్లు పుస్తకాలు, క్యారీ బ్యాగులు, డెలివరీ వ్యాన్లు, యూనిఫాంలు, గూగుల్ మ్యాప్స్‌లో పేరు, జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో మార్పు కలపలేదు. హోర్డింగ్ మీద కొత్త పేరు, చేతికిచ్చే సంచి మీద పాత పేరు ఉంటే ఎంత పెద్ద స్టారైనా చేయగలిగింది లేదు.

అన్నిటికంటే చవకైనదాన్ని అందరూ చివరికి వదిలేస్తారు. ట్రేడ్‌మార్క్‌కు ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో క్లాసుకు (అంటే సరుకుల, సేవల వర్గానికి) వ్యక్తులకు, చిన్న సంస్థలకు 4,500 రూపాయలు, మిగతావాళ్లకు 9,000. ట్రేడ్‌మార్క్స్ జర్నల్‌లో అచ్చయ్యాక నాలుగు నెలల్లోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. అప్పటికే హీరో క్లోజప్‌లో ఆ పేరు పలికేసి ఉంటే, డబ్బింగ్‌లో మారుద్దామన్నా పెదవులు కలవవు. మళ్లీ కాల్‌షీట్ అడగాలి. మేనేజర్ మళ్లీ రేటు చెబుతాడు.

అపోహ: ఎంత పెద్ద స్టారైతే పేరు అంత బాగా గుర్తుంటుంది

వాస్తవం: స్టార్ గుర్తుంటాడు. థమ్సప్‌కు ఒకప్పుడు చిరంజీవి, తర్వాత మహేష్‌బాబు చేశారు. మొహాలు మారినా సీసా అదే, దాన్ని కొత్తగా ఎవరికీ పరిచయం చేయక్కర్లేదు. పేరు మార్చుకున్న కంపెనీకి ఆ సౌకర్యం ఉండదు. పేరు కొత్తది, మొహం ఊరందరికీ తెలిసింది, జనం తెలిసినదాన్నే చూస్తారు.

హోర్డింగ్ డిజైన్ ఖరారు చేసేముందు మేం చేసే పని ఒకటుంది. డిజైన్ ఫోన్‌లో పెట్టుకుని కాంప్లెక్స్‌లో విజయనగరం, అనకాపల్లి బస్సుల కోసం ఎదురుచూసేవాళ్లకు మూడు సెకన్లు చూపించి, ఫోన్ వెనక్కి తీసేసుకుని ఏం చూశారని అడుగుతాం. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద బండి నడిపేవాడికి దొరికే సమయం కూడా అంతే. హీరో పేరు ఠక్కున చెప్పేస్తారు. "దేని గురించి?" అంటే, "బంగారం అనుకుంటానండీ" అంటారు. అది ఫర్నిచర్ షోరూం డిజైన్. మొహం సగానికి తగ్గించి, పేరును రెండింతలు చేసి మళ్లీ చూపిస్తే అప్పుడు పేరు వస్తుంది. కానీ స్టార్ మేనేజర్ మొహం తగ్గించడానికి ఒప్పుకోడు. డిజైన్‌కు వాళ్ల ఆమోదం తప్పనిసరి అని ఒప్పందంలో రాసే ఉంటుంది. మీరు డబ్బిచ్చి మీ పేరును చిన్నది చేయించుకుంటారు.

అపోహ: సరే, అయితే స్టార్లకు పెట్టేదంతా దండగే

వాస్తవం: ఇదీ తప్పే. మిమ్మల్ని ఎవరూ ఎరగని చోటికి వెళుతున్నప్పుడు తెలిసిన మొహం నిజంగా పనిచేస్తుంది. 1998లో హ్యుందాయ్ శాంత్రోతో మన దేశంలోకి వచ్చినప్పుడు ఆ పేరు ఇక్కడ చాలామందికి పలకడమే రాదు. షారుక్ ఖాన్‌ను పెట్టుకుని, ఆ పరిచయం లేకపోవడాన్నే ప్రకటనగా మలిచారు. కేరళ నుంచి వచ్చిన కల్యాణ్ జ్యువెలర్స్ మన దగ్గర నాగార్జునను, తమిళనాడులో ప్రభును, కర్ణాటకలో శివరాజ్‌కుమార్‌ను పెట్టింది. బయటి ఊరి దుకాణంలో బంగారం కొనడానికి జంకే జనానికి ఇంటి మనిషిని చూపించడం అది. మన విశాఖ కంపెనీ కొత్త పేరుతో విజయవాడో హైదరాబాదో వెళుతుంటే ఇదే లెక్క వర్తిస్తుంది. ద్వారకానగర్‌లోనే ఉండి పేరు మాత్రం మార్చుకునేవాళ్లకు వర్తించదు.

ఇంకోటి, బయటివాళ్లు పెద్దగా గమనించనిది. పైపులు, సిమెంటు, టీఎంటీ కడ్డీలు, పెయింట్లు అమ్మే కంపెనీలకు స్టార్ ప్రకటన వల్ల లాభం తరచూ కస్టమర్ వైపు నుంచి రాదు, డీలర్ వైపు నుంచి వస్తుంది. పేరు మారిందనగానే నర్సీపట్నంలోనో పలాసలోనో డీలర్‌కు కంపెనీ కష్టాల్లో ఉందేమోనన్న అనుమానం మొదలవుతుంది. స్టాకు తగ్గిస్తాడు. టీవీలో హీరో కనబడితే, "డబ్బుంది కాబట్టే పెట్టారు" అనుకుని కొత్త సరుకు కోసం గోడౌన్‌లో చోటు చేస్తాడు. ఆ పని మీద స్టార్‌ను పెట్టుకుంటే ఖర్చుకు అర్థం ఉంది. అయితే డీలర్ల మీట్ పెట్టి, ఆ ఫిల్మ్ అందరికంటే ముందు వాళ్లకే చూపించాలి.

స్టార్ ఏం చేయగలడో, ఏం చేయలేడో క్యాడ్‌బరీ ఉదంతంలో చక్కగా కనిపిస్తుంది. 2003 అక్టోబరులో మహారాష్ట్రలో డెయిరీ మిల్క్ బార్లలో పురుగులు బయటపడ్డాయి. 2004 మొదట్లో అమితాబ్ బచ్చన్ తెర మీదికి వచ్చారు. అందరికీ ఆయనే గుర్తున్నారు. కానీ ఆయన మాట్లాడేనాటికి చాక్లెట్ ప్యాకింగే మార్చేశారు, కొత్త యంత్రాలు తెచ్చి గాలి చొరబడకుండా మూసే రేపర్ పెట్టారు. చెప్పడానికి ఆయన దగ్గర ఒక విషయం ఉంది.

యజమానే మొహమైతే ఖర్చు మిగులుతుంది కదా అంటారు కొందరు. లలితా జ్యువెలరీ కిరణ్‌కుమార్ గారిని చూసి పుట్టిన ఆశ ఇది. ఆయన ధర గురించి ఒకే మాట ఏళ్ల తరబడి విసుగు లేకుండా చెబుతున్నారు. మీకు అలా చెప్పడానికి ఒక్క మాటైనా ఉంటే నిలబడండి. లేకపోతే కెమెరా ముందు కోటు వేసుకుని నిలబడటం మటుకే మిగులుతుంది.

అపోహ: తేడా వస్తే పోయేది స్టార్ పరువే

వాస్తవం: 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు కంపెనీకీ, అందులో నటించినవాళ్లకూ 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. స్టార్‌ను ఏడాదిదాకా, మళ్లీ జరిగితే మూడేళ్లదాకా ప్రకటనలు చేయకుండా ఆపొచ్చు. ప్రకటనల మీద కేంద్రం తెచ్చిన 2022 మార్గదర్శకాల తర్వాత మేనేజర్లు మీ కాగితాలన్నీ అడుగుతున్నారు, అడగాలి కూడా. "ఉత్తరాంధ్రలో నంబర్ వన్" అని రాస్తే దేన్ని బట్టి అంటారు. ఆమ్రపాలి అనే రియల్ ఎస్టేట్ కంపెనీ ఫ్లాట్లు కొన్నవాళ్లు 2016లో సోషల్ మీడియాలో ధోనీని నిలదీస్తే ఆయన అంబాసిడర్‌గా తప్పుకున్నారు. ఆయన తప్పుకున్నంత మాత్రాన కంపెనీ మీద కోపం తగ్గలేదు.

ఒప్పందంలో నేను ముందు చూసేది ఫీజు కాదు, ముగిసే తేదీ. ఆ రోజు తర్వాత స్టార్ బొమ్మ ఎక్కడా ఉండకూడదు. యూట్యూబ్‌లో ఒక్క క్లిక్‌తో తీసేస్తాం. కానీ కొత్తవలస డీలర్ తన షట్టర్ మీద అతికించుకున్న ఫ్లెక్స్‌ను, ఎండకు హీరో మొహం నీలంగా మారినా, ఎవరూ పీకరు. దానికీ లాయర్ నోటీసు వస్తుంది. అందుకే ఎన్ని ఫ్లెక్సులు ఎక్కడికి వెళ్లాయో మొదటి రోజునుంచీ రిజిస్టర్ రాయాలి.

అపోహ: ఏడాది ఒప్పందం ఎందుకు, ఓపెనింగ్‌కు ఒక్కరోజు పిలిస్తే పోదా

వాస్తవం: ఖర్చు తగ్గుతుంది, నిజమే. జనం వస్తారు, రోడ్డు నిండిపోతుంది, పోలీసు అనుమతి, బారికేడ్లు మీ నెత్తిన పడతాయి. ఆ రెండు గంటలు అద్దాల తలుపు పగలకుండా లోపల్నుంచి తాళం వేసుకుని కూర్చుంటారు. కొనడానికి వచ్చిన కుటుంబం తోపులాట చూసి పిల్లల్ని చంకనేసుకుని వెళ్లిపోతుంది. సాయంత్రం టీవీ వార్తల్లో హీరో తదుపరి సినిమా ఏమిటో వస్తుంది, షాపు పేరు రాదు. పిలవాలనే ఉంటే ఉదయం పూట పిలవండి. పాత కస్టమర్లలో స్కీం కట్టేవాళ్లను ముందుగా లోపల కూర్చోబెట్టి, వాళ్ల పుస్తకాల మీద కొత్త పేరు ముద్ర ఆ హీరో చేత్తోనే వేయించండి. ఆ ఫోటో వాళ్ల ఊళ్లో ఎన్ని ఫోన్లలో తిరుగుతుందో చూడండి, దానికి మీడియా ఖర్చు ఉండదు.