ఒకే కొండ, మూడు తరాల ఊపిరి

ఎత్తైన కొండల మీద రోజంతా గడిపి, ఇంటిల్లిపాదీ కారులో కిందికి దిగుతున్నారు. పైన నీళ్లు తాగేసి మూత గట్టిగా బిగించిన ఖాళీ ప్లాస్టిక్ సీసా, ఎవరూ ముట్టుకోకుండానే టపటపమంటూ నొక్కుకుపోయింది. అదే సమయానికి వెనక సీట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడుపు అందుకుంది. రెండింటికీ కారణం ఒక్కటే.

సీసాలో మిగిలింది పైనుంచి తెచ్చుకున్న పలుచని గాలి. దిగేకొద్దీ బయటి గాలి పీడనం పెరిగి సీసాను నొక్కేస్తుంది. కర్ణభేరి వెనక కూడా ఇలాంటి చిన్న గాలి గది ఉంది. అక్కణ్నుంచి గొంతు వెనక్కి పోయే సన్నని గొట్టం తెరుచుకుంటేనే రెండువైపులా పీడనం సమానమవుతుంది. మనం ఒక్క గుటక వేస్తే చాలు, చెవి టక్కున తెరుచుకుంటుంది. పసిపిల్లల్లో ఆ గొట్టం ఇంకా సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే దిగేటప్పుడు పాలు పట్టడం మంచిది. గుటక గుటకకీ ఆ దారి తెరుచుకుంటుంది.

పైకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం మారదు, అక్కడా దాదాపు 21 శాతమే. తగ్గేది పీడనం. 1648లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త పాస్కల్ కోరిక మీద ఆయన బావ పెరియే, ఫ్రాన్స్‌లోని ప్యూయ్ ద డోమ్ కొండ మీదికి గాలి పీడనాన్ని చూపే పాదరసపు గొట్టాన్ని తీసుకెళ్లి, పైన పాదరసం మట్టం పడిపోవడం కళ్లారా చూశాడు. 5,500 మీటర్ల ఎత్తులో పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు సగమే. అంటే ఒక్కో ఊపిరికీ అందే ఆక్సిజన్ కూడా సగమే.

ఈ లోటును ముందుగా పసిగట్టేది మెడలోని ధమనుల దగ్గర, బియ్యపు గింజంత ఉండే కణజాలం. వెంటనే మనం వేగంగా ఊపిరి తీస్తాం, గుండె జోరందుకుంటుంది. గుండె అందుకోగల గరిష్ఠ వేగం వయసుతో తగ్గుతుంది కాబట్టి, మనవడు పరుగెత్తే మెట్ల దగ్గర తాతయ్య ఆగి ఆయాసపడతారు. అంతమాత్రాన పెద్దవాళ్లను ఇంట్లో వదిలి వెళ్లనక్కర్లేదు. పలుచని గాలి వల్ల వచ్చే కొండజబ్బు వయసు చూసి రాదు, కుర్రాళ్లకూ వస్తుంది. గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉంటే మాత్రం ముందే డాక్టర్‌ని అడగాలి.

ఆ జబ్బు లక్షణాలైన తలనొప్పి, వికారం సాధారణంగా ఎత్తుకు చేరిన 6 నుంచి 12 గంటల్లో మొదలవుతాయి. సాయంత్రానికల్లా దిగిపోయే ప్రయాణం కాబట్టి చాలామందికి ఆ బాధ ఉండదు. ఒకవేళ మొదలైతే ఇంకా పైకి వెళ్లకూడదు, దిగడమే మందు. తలనొప్పి అని తాతయ్య చెప్పగలరు. ఏడాది పిల్ల చెప్పలేదు. పాలు వద్దంటుంది, చిరాకు పడుతుంది, ఆడుకోదు.

నాకు అన్నిటికన్నా బెంగ కలిగించేది వీపు మీద సంచిలో కూర్చున్న బిడ్డ. ప్రతి 1,000 మీటర్లకూ సుమారు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. మోసుకెళ్తున్న నాన్నకు నడక వల్ల చెమటలు పడతాయి. ఆ బిడ్డ ఒళ్లు కదలదు, పైగా చిన్న శరీరం త్వరగా చల్లబడుతుంది. తనకు ఉక్కపోస్తోందని నాన్న బిడ్డ స్వెటర్ విప్పేస్తాడు. విప్పే ముందు ఆ చిన్న పాదాలను ఒకసారి అరచేతిలోకి తీసుకుని చూడండి.