సైన్యంలో పనిచేసినా పౌరులు కాలేకపోయారు: అమెరికాలో ఈ చిక్కు ఎక్కడ మొదలైంది?

అమెరికా సైన్యంలో పనిచేసి, గౌరవంగా డిశ్చార్జి అయి, ఆ తర్వాత అదే దేశం బయటికి పంపేసిన వాళ్లున్నారు. అలాంటి మాజీ సైనికుల కోసం మెక్సికో సరిహద్దు నగరం తిహువానాలో ఏకంగా ఒక ఆశ్రయ కేంద్రమే వెలిసింది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు అమెరికా సైన్యంలో చేరవచ్చు. కానీ చేరినంత మాత్రాన పౌరసత్వం రాదు, దానికి విడిగా దరఖాస్తు చేసుకోవాలి. చేరేటప్పుడు రాజ్యాంగాన్ని కాపాడతామని ప్రమాణం చేయిస్తారు కాబట్టి, దాంతోనే పౌరులమైపోయాం అనుకున్నవాళ్లు ఎందరో.

సైనికసేవకు బదులుగా పౌరసత్వం ఇవ్వడం అక్కడ పాత పద్ధతే. అంతర్యుద్ధం నడుస్తుండగా 1862లో చేసిన చట్టం ప్రకారం, గౌరవంగా డిశ్చార్జి అయిన సైనికుడు ఒక్క ఏడాది ఆ దేశంలో ఉంటే చాలు. మిగతా వలసదారులకు ఐదేళ్లు పట్టేది. 1918 మే నెలలో నిబంధనలను మరింత సడలించారు. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసినందుకు 1,92,000 మందికి పైగా పౌరులయ్యారు.

అయితే ఒంటి రంగు అడ్డుపడింది. పంజాబ్ నుంచి వెళ్లిన భగత్ సింగ్ థింద్ 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగాతోనే యూనిఫాం వేసుకున్న సిక్కు. ఆ డిసెంబర్‌లో పౌరసత్వం ఇచ్చి, నాలుగు రోజులకే వెనక్కి తీసుకున్నారు, తెల్లవాడు కాదని. 1920లో ఆరెగాన్ కోర్టు మళ్లీ ఇచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుదాకా వెళ్లి 1923లో గెలిచింది. ఆ తీర్పు చూపించి, అప్పటికే పౌరులైన మరికొందరు భారతీయుల పౌరసత్వం కూడా లాగేసుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన ఆసియా వాళ్లకు అవకాశమిస్తూ 1935లో ప్రత్యేక చట్టం వచ్చాకే, 1936లో మూడోసారి థింద్‌కు పౌరసత్వం దక్కింది, ఈసారి నిలిచింది. పద్దెనిమిదేళ్లు పట్టింది! రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తరఫున పోరాడిన ఫిలిపినోలలో చాలామంది అయితే 1990 చట్టందాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇప్పటి బహిష్కరణల సమస్యకు మూలం 1996లో ఉంది. ఆ ఏడాది వచ్చిన రెండు చట్టాలు, దేశం నుంచి పంపేయదగ్గ 'తీవ్ర నేరాల' జాబితాను బాగా పెంచాయి. ఏడాది శిక్ష పడిన దొంగతనం, దాడి కేసులు కూడా అందులో చేరాయి. శిక్షను నిలిపివేసి, మనిషి జైలుకే వెళ్లకపోయినా లెక్కే. చట్టం రాకముందు చేసిన నేరాలకూ వర్తించింది. అన్నిటికంటే పెద్ద దెబ్బ వేరే ఉంది. అంతకుముందు ఇమిగ్రేషన్ జడ్జి ఆ మనిషి సైనికసేవనూ, కుటుంబాన్నీ, అక్కడ గడిపిన ఏళ్లనూ చూసి ఉండనివ్వగలిగేవాడు. తీవ్ర నేరం కిందికి వచ్చిన కేసుల్లో ఆ అధికారం పోయింది. యుద్ధం మిగిల్చిన మానసిక గాయాలతో మత్తుకు అలవాటుపడి కేసుల్లో ఇరుక్కున్న వాళ్లకు ఇది ఎంత అన్యాయమో వేరే చెప్పాలా?

హోసే పడీయా కేసు చూడండి. హోండురాస్‌లో పుట్టి, వియత్నాం యుద్ధంలో పనిచేసి, నలభై ఏళ్లకు పైగా అమెరికాలో ఉన్న మనిషి. గంజాయి రవాణా కేసులో నేరం ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లుగా ఉంటున్నావు కాబట్టి ఇమిగ్రేషన్ టెన్షన్ అక్కర్లేదని లాయరు చెప్పాడట. చట్టం ప్రకారం మాత్రం బహిష్కరణ దాదాపు ఖాయం. పౌరులు కాని నిందితులకు ఈ ప్రమాదం గురించి లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

మరోపక్క సైన్యానికి మనుషులు కావాలి. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత పనిచేస్తున్న వాళ్లు పౌరసత్వానికి వెంటనే దరఖాస్తు చేసుకోవచ్చని 2002లో అధ్యక్షుడు బుష్ ఉత్తర్వు ఇచ్చాడు. హిందీ, పంజాబీ, తమిళం వంటి భాషలు తెలిసిన వీసాదారులను, గ్రీన్‌కార్డు లేకపోయినా, 2009 నుంచి చేర్చుకున్నారు. 2016లో ఆ పథకం ఆగిపోయింది. 2017లో సైనికుల పౌరసత్వ నిబంధనలు మళ్లీ బిగించారు.

2013 నుంచి 2018 వరకు సుమారు 250 మంది మాజీ సైనికులపై బహిష్కరణ చర్యలు మొదలయ్యాయనీ, కనీసం 92 మందిని పంపేశారనీ 2019లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ తేల్చింది. సైనికసేవను పరిశీలించాలన్న సొంత నియమాన్నే ఇమిగ్రేషన్ అధికారులు సరిగ్గా పాటించలేదని కూడా చెప్పింది. ఇలా వెళ్లినవాళ్లు చనిపోతే, గౌరవంగా డిశ్చార్జి అయినవాళ్లు సాధారణంగా సైనిక లాంఛనాలతో అమెరికా జాతీయ శ్మశానంలో ఖననానికి అర్హులే.

బహిష్కరించిన మాజీ సైనికులను వెనక్కి రప్పించే ప్రయత్నాన్ని బైడెన్ ప్రభుత్వం 2021లో మొదలుపెట్టింది. కానీ అది పాలనాపరమైన నిర్ణయం, ప్రభుత్వం మారితే దానికి హామీ లేదు. బహిష్కరణకు ముందు సైనికసేవను పరిగణించాలనే బిల్లును 2022 డిసెంబర్‌లో ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్‌లో అది ముందుకు కదల్లేదు.