ఎముక వంకరంటే ఫ్లోరైడ్ ఒక్కటే కాదు

అనంతపురం వైపు పిల్లవాడి కాళ్లు వంకర తిరిగాయంటే ముందు వచ్చే మాట బోరు నీళ్లు. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను వైద్యులు మొదట వివరంగా నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడ్ ఊళ్లలో మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకునే జబ్బును వెల్లడించారు. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వచ్చేదాకా అనంతపురం పల్లెల్లో చాలావాటికి బోరే దిక్కు.

అయితే ఆ నిజం చాటున మరో నిజం మరుగున పడింది. మేనరికాలు, మేనమామతో పెళ్లిళ్లు ఎక్కువగా జరిగే సీమలో, తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపం అందితేనే బయటపడే జన్యు జబ్బులకు అవకాశం ఎక్కువ. అలాంటి బిడ్డను కూడా నీళ్ల ఖాతాలోనో, కాల్షియం తక్కువ ఖాతాలోనో వేసేస్తే అసలు జబ్బు పేరు ఏళ్ల తరబడి తెలియదు.

ఇలాంటి పొరపాటు పక్క రాష్ట్రంలోనూ జరిగింది. 1970ల మధ్యలో కర్ణాటకలోని శివమొగ్గ వైపు హందిగోడులో తుంటి, వెన్ను పాడై నడవలేనివారు కనిపించారు. పురుగుమందు పడిన పొలాల్లోని పీతలు తినడమే కారణమని మొదట అనుమానించారు. తర్వాత వంశవృక్షాలు గీసి చూస్తే అది తరతరాలుగా కుటుంబాల్లో దిగుతున్న ఎముక జబ్బని తేలింది.

ఇలాంటి పుట్టుకతో వచ్చే ఎముక జబ్బుల పేర్ల చరిత్ర కూడా చిన్నదే. ఒకప్పుడు కాళ్లూ చేతులూ పొట్టిగా ఉంటే అకాండ్రోప్లేసియా, మొండెం పొట్టిగా ఉంటే మోర్కియో అని సరిపెట్టేవారు. 1969లో పారిస్‌లో నిపుణులు కూర్చుని మొదటి ఉమ్మడి జాబితా తయారు చేశారు. అకాండ్రోప్లేసియా జన్యువు 1994లో దొరికింది. పదిమందిలో ఎనిమిదిమందికి అది కొత్తగా వచ్చిన మార్పే. తల్లిదండ్రులు మామూలు ఎత్తే ఉంటారు, మేనరికానికి దానితో సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎందరు కోడళ్లు మాటలు పడ్డారో.

తేడా పట్టడానికి మొదటి ప్రశ్న: అదే నీళ్లు తాగే పక్కింటి పిల్లలు ఎలా ఉన్నారు? ఊళ్లో చాలామందికి పళ్ల మీద గార, పెద్దవాళ్లకు నడుం బిగుసుకుపోవడం ఉంటే నీళ్లను అనుమానించాలి. నీటి పరీక్షలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో చూడాలి. ఒక ఇంట్లోనే, అన్నదమ్ములకో అక్కచెల్లెళ్లకో వస్తే జన్యువును అనుమానించాలి. గారపళ్లున్నంత మాత్రాన రెండోది కాదనడానికి లేదు, ఒకే బిడ్డకు రెండూ ఉండొచ్చు. పైగా చిన్న దెబ్బకే ఎముకలు విరిగే ఆస్టియోజెనిసిస్ ఇంపర్‌ఫెక్టాలో కూడా కొందరికి పళ్లు బూడిద, గోధుమ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు పాలపళ్ల నుంచే కనపడుతుంది. ఫ్లోరైడ్ గార ఎక్కువగా వచ్చేది శాశ్వత పళ్ల మీద. ఎక్స్‌రేలో ఎముక మరీ తెల్లగా, చిక్కగా ఉంటే ఫ్లోరోసిస్ అని రాసేసే అలవాటుంది. పసిబిడ్డకు రక్తహీనత ఉండి, చూపు కూడా తగ్గుతుంటే అది ఎముకలు రాయిలా గట్టిపడే జన్యు జబ్బు, ఆస్టియోపెట్రోసిస్ కావచ్చు. అక్కడ ఆలస్యం ప్రాణాంతకం.

ఎముకలు మెత్తబడి వంగే రికెట్స్ అని విటమిన్ డి ఇంజెక్షన్లు మీద మీద పొడిపించడం ఇంకో పెద్ద తప్పు. ఒక విడత సరైన మోతాదుకు ఎక్స్‌రేలో మార్పు రాకపోతే ఆగి రక్తంలో ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పీటీహెచ్, క్రియాటినిన్, బ్లడ్ గ్యాస్ చూడాలి, మూత్రంలో ఫాస్ఫేట్ కూడా. మూత్రంలో ఫాస్ఫేట్ పోయే రికెట్స్‌కు మందులు వేరు. అవసరం లేని విటమిన్ డి కిడ్నీలను దెబ్బతీస్తుంది. పిల్లల ఫాస్ఫరస్‌ను పెద్దవాళ్ల కొలతతో పోల్చి 'నార్మల్' అని ల్యాబు ఇచ్చే రిపోర్టును నమ్మకూడదు.

మూడు నుంచి ఎనిమిదేళ్ల మధ్య వేళ్ల కణుపులు లావెక్కితే కీళ్లవాతమని స్టెరాయిడ్లు మొదలుపెడతారు. వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్ఆర్, సీఆర్పీ మామూలుగా ఉండి, వెన్నుపూసలు చదునుగా కనిపిస్తే అది వాతం కాక, వాతంలా కనిపించే జన్యు ఎముక జబ్బు, ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా కావచ్చు. పుట్టుకతోనే కాలి బొటనవేళ్లు రెండూ పొట్టిగా వంగి ఉండి, వీపు మీద, మెడ మీద గడ్డలు లేస్తుంటే ముక్క తీసి పరీక్షకు పంపడం గానీ కండలో సూది వేయడం గానీ చేయించొద్దు. అది ఎఫ్ఓపీ (ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికాన్స్ ప్రోగ్రెసివా) అనే జన్యు జబ్బయితే తగిలిన ప్రతి గాయం దగ్గరా కండ ఎముకగా మారవచ్చు.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రే ఫిల్ములన్నీ పట్టుకెళ్లాలి. పెరుగుదల ఆగాక ఎముక చివర్లలోని ఆనవాళ్లు చెరిగిపోతాయి, అప్పుడు చిన్ననాటి ఫిల్మే సాక్ష్యం. నిలుచున్న ఎత్తు, కూర్చున్న ఎత్తు, చాచిన చేతుల పొడవు, తల చుట్టుకొలత రాయించాలి. నొప్పి ఉన్న మోకాలికి ఒక్క ఎక్స్‌రే చాలదు. పుర్రె, ఛాతీ, వెన్ను, తుంటి, ఒక చెయ్యి, ఒక కాలు, ఎడమ అరచెయ్యి కావాలి. మూడు తరాల వంశవృక్షం, అందులో మేనరికాలు, పోయిన బిడ్డలు కూడా ఉండాలి.

బడికి, అంగన్‌వాడీకి వచ్చే ఆర్బీఎస్కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) బృందం ద్వారా కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో వెళ్లి, అక్కడి నుంచి హైదరాబాద్ నిమ్స్ జన్యు విభాగానికి రెఫర్ చేయించుకోవచ్చు. నిమ్స్, హైదరాబాద్‌లోనే ఉన్న డీఎన్ఏ పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ కలిసి 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద కేంద్రంగా ఉన్నాయి. జాబితాలో ఉన్న జబ్బులకు 50 లక్షల దాకా సాయం ఉంది. ఆస్టియోపెట్రోసిస్‌కు మూలకణ మార్పిడి, ఆస్టియోజెనిసిస్‌కు బిస్‌ఫాస్ఫొనేట్ మందు అందులో ఉన్నాయి.

జన్యు పరీక్షకు బిడ్డవే కాక తల్లిదండ్రుల నమూనాలూ ఇస్తే ఫలితం తేటగా వస్తుంది. రిపోర్టులో 'అర్థం తేలని మార్పు' అని ఉంటే అది నిర్ధారణ కాదు, దాన్ని బట్టి గర్భం తీయించుకునే నిర్ణయానికి రాకూడదు. తల్లిదండ్రులిద్దరూ వాహకులని, అంటే జబ్బు లేకున్నా లోపాన్ని మోస్తున్నారని తేలితే ప్రతి కాన్పుకూ 25 శాతం ప్రమాదం. మళ్లీ గర్భం రాకముందే పరీక్ష పూర్తయితే 11 నుంచి 13 వారాల మధ్య మాయ నమూనాతో చూడవచ్చు. ఏమీ దొరకలేదని వచ్చినా ఆ డేటాను రెండేళ్లకోసారి తిరిగి చూడమని అడగాలి. పారిస్‌లో మొదలైన ఆ ఎముక జబ్బుల జాబితాలో 2019లో 437గా ఉన్న జన్యువులు 2023 నాటికి 552 అయ్యాయి.